గ్రంథాలయం కళాకారుడికి ఇచ్చేది గోడా, డబ్బా?

నవంబరు 14 వచ్చిందంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రంథాలయ వారోత్సవాల హడావిడి. 20వ తేదీ దాకా పిల్లలకు బొమ్మల పోటీలు, ఓ సాయంత్రం కవి సమ్మేళనం, రీడింగు రూములో ఊరి చిత్రకారుడి బొమ్మల ప్రదర్శన, ఆఖరి రోజున శాలువా, జ్ఞాపిక. ఇవన్నీ ఉండాల్సినవే. అయితే గ్రంథాలయాలు కళాకారులకు అండగా నిలుస్తాయని ఎవరైనా అన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏ పద్దు నుంచి, ఎవరి చేతికి, దేనికి, ఎంత వెళ్తోంది?

ఈ ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కో రకంగా జవాబిచ్చింది. కొన్నిచోట్ల చట్టమే ఉంది. కొన్నిచోట్ల భవనం ఖర్చులో ఒక శాతం కళకు కేటాయిస్తారు. మనదగ్గర చాలామటుకు శాలువాతోనే ఆగిపోతోంది. ఎందుకు ఆగుతోందో తెలియాలంటే లెక్క మొదటినుంచీ చూడాలి.

పుస్తకం కొన్నప్పుడు బొమ్మలేసినవారికి చేరేది

అన్నిటికన్నా పాత దారి కొనుగోలు. గ్రంథాలయం పుస్తకం కొంటుంది, ప్రచురణకర్తకు డబ్బొస్తుంది, అందులోంచి రచయితకూ చిత్రకారుడికీ వాటా వెళ్తుంది. వెళ్లాలి, కనీసం కాగితం మీద.

ఊహకు ఒక లెక్క వేద్దాం. పిల్లల బొమ్మల పుస్తకం ధర 100 రూపాయలు. గ్రంథాలయాల కోసం 500 ప్రతులు కొన్నారు. 25 శాతం తగ్గింపు పోగా ప్రచురణకర్తకు వచ్చేది 37,500. ఒప్పందంలో రాయల్టీ 10 శాతమని ఉంటే రచయితకూ చిత్రకారుడికీ కలిపి 3,750. చెరిసగం పంచుకుంటే చిత్రకారుడికి 1,875 రూపాయలు. రాయల్టీని తగ్గింపు ధర మీద కాకుండా అచ్చువేసిన ధర మీద కడతామని ఒప్పందంలో ఉంటే అదే వాటా 2,500 అవుతుంది. సంతకం పెట్టేముందు చూసుకోవాల్సిన వాక్యం ఇదే.

బొమ్మలకు రాయల్టీ అనే మాటే లేకుండా ఒక్కసారి పారితోషికం ఇచ్చి ముగించడం మనదగ్గర మామూలు. అప్పుడు గ్రంథాలయాలు 500 ప్రతులు కొన్నా 5,000 కొన్నా చిత్రకారుడికి తేడా ఉండదు. దీనికి తోడు 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. ఎవరైనా డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగు, పోర్ట్రెయిట్, తీయించుకున్న ఫొటో విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, తొలి యజమాని వేయించుకున్నవారే. అంటే చిత్రకారుడు తన హక్కు నిలబెట్టుకోవాలంటే కాగితం రాయించుకోవాల్సింది తనే.

ఇంటికి తీసుకెళ్లిన ప్రతిసారీ లెక్కకట్టే పద్ధతి

కొనుగోలు ఒక్కసారే జరుగుతుంది. ఆ ఒక్క ప్రతినీ వందమంది చదవొచ్చు. చదివినందుకు ఆ వందమందీ ఏమీ కట్టనక్కర్లేదు, గ్రంథాలయం అంటేనే అది. మరి రాసినవారికి? ఈ ప్రశ్నలోంచి పుట్టిందే పబ్లిక్ లెండింగ్ రైట్, పొట్టిగా పీఎల్ఆర్. పుస్తకం ఉచితంగా ఇష్యూ అయినందుకు పాఠకుడి జేబులోంచి కాకుండా ప్రభుత్వ ఖజానాలోంచి రచయితకు, చిత్రకారుడికి, అనువాదకుడికి ఇచ్చే డబ్బు ఇది. మొదట డెన్మార్క్ 1946లో చట్టం చేసింది. 1947లో నార్వే, 1954లో స్వీడన్ ఆ బాట పట్టాయి. ఇప్పుడు 30కి పైగా దేశాల్లో ఏదో ఒక రూపంలో ఉంది. అమెరికాలో లేదు, భారత్‌లోనూ లేదు.

బ్రిటన్ పద్ధతి లెక్కకు స్పష్టంగా ఉంటుంది కాబట్టి దాన్నే చూద్దాం. 1979లో చట్టం చేశారు, 1984లో మొదటి చెల్లింపులు జరిగాయి. ప్రభుత్వం ఏటా ఒక మొత్తం కేటాయిస్తుంది. దేశంలోని గ్రంథాలయాల్లో కొన్నిటిని నమూనాగా తీసుకుని, అక్కడి ఇష్యూల నుంచి దేశం మొత్తానికి అంచనా కడతారు. కేటాయింపును ఆ ఇష్యూల సంఖ్యతో భాగిస్తే ఒక్కో ఇష్యూకు ఎన్ని పెన్నీలో వస్తుంది (వంద పెన్నీలు ఒక పౌండు). ఒక్క రచయితకు ఏడాదిలో 6,600 పౌండ్లకు మించి ఇవ్వరు. బాగా అమ్ముడుపోయే నలుగురే నిధినంతా పట్టుకుపోకుండా పెట్టిన గీత అది.

2019 జులై నుంచి 2020 జూన్ దాకా జరిగిన ఇష్యూలకు రేటు 11.26 పెన్నీలు. ఒక పిల్లల పుస్తకం 20,000 సార్లు ఇష్యూ అయిందనుకుందాం. మొత్తం 2,252 పౌండ్లు. రచయిత 60, చిత్రకారిణి 40 శాతమని ముందే నమోదు చేసుకుని ఉంటే ఆమెకు సుమారు 901 పౌండ్లు అందుతాయి. అనువాద పుస్తకమైతే అనువాదకుడి వాటా 30 శాతం. గరిష్ఠ పరిమితిని తాకాలంటే ఆ ఏడు సుమారు 58,600 ఇష్యూలు కావాలి.

మరుసటి ఏడు రేటు 30.53 పెన్నీలకు ఎగబాకింది. ప్రభుత్వానికి ఉదారత పుట్టుకొచ్చి కాదు. కోవిడ్‌తో గ్రంథాలయాలు మూతపడి ఇష్యూలు పడిపోయాయి, నిధి మాత్రం అలాగే ఉంది, భాగహారంలో హారం చిన్నదైంది. మన ఉదాహరణలోని పుస్తకం ఇష్యూలు 20,000 నుంచి 8,000కు పడిపోయినా వచ్చేది 2,442 పౌండ్లు, అంటే మునుపటికన్నా కాస్త ఎక్కువే. రేటు పెరిగిందన్న వార్త చదివి రచయితల ఆదాయం మూడింతలైందని అనుకుంటే పొరపాటు.

ఇందులో చిత్రకారులకు మేలైన సంగతి మరొకటుంది. బ్రిటన్‌లో ఈ డబ్బుకు కాపీరైటు మన చేతిలో ఉండనక్కర్లేదు. బొమ్మల హక్కులు అమ్మేసుకున్నవారైనా సరే, పుస్తకంలో పేరు పడి, నమోదు చేసుకుని ఉంటే చాలు. మన 17వ సెక్షన్ మెలిక అక్కడ అడ్డురాదు.

ఇష్యూలు లెక్కపెట్టాలా, ప్రతులు లెక్కపెట్టాలా?

ఇష్యూలు లెక్కపెడితే పాఠకులు మెచ్చినవారికి డబ్బు వెళ్తుంది. కెనడా అలా చేయదు. 1986లో మొదలైన అక్కడి పథకం ఒక పుస్తకం ఎన్ని గ్రంథాలయాల జాబితాల్లో ఉందో చూస్తుంది. ఆస్ట్రేలియా అరల్లో ఉన్న ప్రతులను లెక్కిస్తుంది. ఈ పద్ధతిలో ఎవరో ఒకరు అప్పుడప్పుడూ తీసే కవితా సంపుటికి, కళా చరిత్రకు, ఇంటికి పంపని రిఫరెన్సు పుస్తకానికి కూడా న్యాయం జరుగుతుంది. స్వీడన్ ఇంకో దారి పట్టింది. డబ్బు రచయితల నిధికి వెళ్తుంది, అందులో కొంత ఇష్యూల ప్రకారం వ్యక్తులకు, మిగిలింది ఉపకార వేతనాలకు, గ్రాంటులకు.

ఇక్కడే రెండు వాదాలు తలపడతాయి. ఒకరు ఇది హక్కు అంటారు. నా పుస్తకం వాడుకున్నారు, ప్రతిఫలం ఇవ్వాలి, నా భాష ఏదైనా, నేనెక్కడ ఉన్నా సరే. ఇంకొకరు ఇది సాంస్కృతిక సహాయం అంటారు. మా చిన్న భాషలో రాసేవారు బతకాలి కాబట్టి ఇస్తున్నాం, ఇంగ్లిషు బెస్ట్‌సెల్లర్లకు ఎందుకివ్వాలి? డెన్మార్క్ తన డబ్బును డేనిష్ పుస్తకాల వైపు మళ్లిస్తున్నది ఈ రెండో తర్కంతోనే. ఐరోపా సమాజం 1992లో ఆదేశమిచ్చి దీన్ని హక్కుల జాబితాలో చేర్చింది. కొందరు సభ్యులు తూతూమంత్రంగా అమలు చేశారు. బెల్జియం ఒక్కో వయోజన సభ్యుడికి ఏడాదికి ఒక యూరో చొప్పున కట్టి చేతులు దులుపుకుంటే, 2011లో ఐరోపా న్యాయస్థానం కుదరదంది. ఎంతమంది సభ్యులో చూస్తే చాలదు, ఎన్ని పుస్తకాలు అందుబాటులో ఉన్నాయో కూడా చూడాలని చెప్పింది.

గ్రంథాలయాల వారి భయం వేరు, అది తీసిపారేయదగ్గదీ కాదు. ఈ డబ్బు విడిగా ఇస్తే సరే. పుస్తకాలు కొనే బడ్జెట్‌లోంచే కోసి ఇస్తే? కొత్త రచయితకు దక్కాల్సిన మొదటి కొనుగోలు పోయి, పాత రచయితకు నాలుగు డబ్బులు చేరతాయి. కాబట్టి ఏ దేశపు పథకాన్ని చూసినా మొదట అడగాల్సింది నిధి ఎక్కడిదని. బ్రిటన్‌లో ఇది కేంద్ర ప్రభుత్వం ఇచ్చే విడి నిధి, స్థానిక గ్రంథాలయం జేబులోంచి పైసా పోదు.

మన సెస్సులో దీనికి చోటుందా?

తెలుగు రాష్ట్రాల్లో గ్రంథాలయాలకు మూలాధారం గ్రంథాలయ సెస్సు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. మీ ఇంటి పన్ను 5,000 అయితే గ్రంథాలయానికి మీరిచ్చేది 400 రూపాయలు. పంచాయతీలు, మునిసిపాలిటీలు దాన్ని వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. వసూలైంది సంస్థకు చేరకుండా బకాయిగా పేరుకోవడం పాత జబ్బు. చేరినదాంట్లో అద్దెలు, కరెంటు, పత్రికల చందాలు, సిబ్బంది ఖర్చులు పోగా పుస్తకాలు. కొనుగోలుకు 1972లో కోల్‌కతాలో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ నుంచి కూడా సాయం వస్తుంది.

ఇక 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం ప్రచురణకర్తే కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి ఉచితంగా పంపాలి. పుస్తకాన్ని భద్రపరచడానికి అది గొప్ప చట్టమే. డబ్బు ప్రవాహం మాత్రం ఎదురు దిశలో ఉంది.

మనదగ్గర పీఎల్ఆర్ పెట్టాలంటే ఏమవుతుంది? ఒక జిల్లాలో ఏడాదికి 2 లక్షల ఇష్యూలు, ఒక్కోదానికి రూపాయి అనుకుంటే ఖర్చు 2 లక్షలే. మోయలేని మొత్తం కాదు. చిక్కు డబ్బు దగ్గర రాదు, లెక్క దగ్గర వస్తుంది. చాలా శాఖా గ్రంథాలయాల్లో ఇష్యూలు ఇంకా చేతిరాత రిజిస్టర్లలోనే. అందులో సభ్యుడి నంబరు, పుస్తకం అక్సెషన్ నంబరు (ఆ ప్రతికి గ్రంథాలయం వేసే వరుస సంఖ్య) ఉంటాయే గాని బొమ్మలు ఎవరివో ఉండదు. ఈ-గ్రంథాలయ, కోహా వంటి సాఫ్ట్‌వేర్లు పెట్టిన చోట కూడా ఎంట్రీ కొట్టేటప్పుడు చిత్రకారుడి పేరు గడి ఖాళీగా వదిలేస్తే ఆ పుస్తకం ఆయన ఖాతాలోకి ఎప్పటికీ రాదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి. ఇవాళ మన గ్రంథాలయాలు కిటకిటలాడుతున్నది పోటీ పరీక్షల అభ్యర్థులతో. ఇష్యూలను బట్టి పంచితే నిధిలో సింహభాగం గైడ్లు రాసేవారికి పోతుంది. రీడింగు రూములోనే కూర్చుని చదివి వెళ్లే కథల పుస్తకం లెక్కలోకే రాదు. నా దృష్టిలో మనకు సరిపడేది కెనడా తరహా పద్ధతి. జాబితాలో ఉన్న తెలుగు సాహిత్యం, బాల సాహిత్యం, కళల పుస్తకాలకు ఏడాదికింత, రచయితకూ చిత్రకారుడికీ అనువాదకుడికీ విడివిడిగా. దానికైనా ముందు జాబితా శుభ్రంగా ఉండాలి.

భవనంలో ఒక శాతం: గోడ, నేల, తెర

పీఎల్ఆర్ లేని అమెరికా వేరే దారి వెతుక్కుంది. ప్రభుత్వ భవనం కట్టినప్పుడు ఖర్చులో ఒక శాతం కళకు ఖర్చుపెట్టాలన్న నియమం. ఫిలడెల్ఫియా 1959లో, సియాటిల్ 1973లో ఇలాంటివి తెచ్చాయి. సియాటిల్‌లో 2004లో తెరిచిన కేంద్ర గ్రంథాలయంలో ఆన్ హామిల్టన్ అనే కళాకారిణి చెక్కనేలనే కళాకృతిగా మార్చింది. పుస్తకాల మొదటి వాక్యాలు 11 భాషల్లో, అచ్చు దిమ్మల మీద ఉన్నట్టు తిరగేసిన ఉబ్బెత్తు అక్షరాల్లో కాళ్ల కింద ఉంటాయి. అక్కడే జార్జ్ లెగ్రాడీ 2005లో పెట్టిన తెరల మీద ఆ గంటలో జనం ఇళ్లకు తీసుకెళ్తున్న పుస్తకాల పేర్లు కదులుతూ కనిపిస్తాయి. తీసుకెళ్తున్నదెవరో తెలియదు. బ్రిటన్‌లో ఏ ఇష్యూల లెక్క రచయితకు చెక్కుగా మారుతుందో, ఇక్కడ అదే లెక్క కళాకృతిగా మారింది.

10 కోట్ల భవనానికి ఒక శాతమంటే 10 లక్షలు. వినడానికి పెద్దదే. అందులోంచే సామగ్రి, పరంజా, రవాణా, బిగింపు, పన్ను, బీమా పోవాలి. కళాకారుడి పారితోషికం విడి పద్దుగా ముందే రాయకపోతే అన్నిటికీ ఖర్చయ్యాక మిగిలిందే ఆయనది. కళాకారుడిని ఎప్పుడు పిలుస్తారన్నదీ ముఖ్యమే. హామిల్టన్‌ది నేలలో భాగమైంది కాబట్టి ముందే పిలిచారు. సున్నాలయ్యాక పిలిస్తే మిగిలేది ఏసీ గొట్టానికీ స్విచ్చుబోర్డుకీ మధ్య ఉన్న ఖాళీ. అప్పుడే పూసిన సిమెంటు మీద కనీసం నాలుగు వారాలు ఆరకుండా రంగు వేస్తే క్షారం పైకి తన్ని రంగు పొట్టుగా రాలుతుంది, అవతలి గోడ బాత్రూమైతే చెమ్మ ఎలాగూ వస్తుంది.

వేసిన బొమ్మను తర్వాత తీసేస్తే? ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో మరమ్మతుల పేరిట ఊడబీకారు. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు కాపీరైటు చట్టం 57వ సెక్షన్ కింద ఆయన పక్షాన తీర్పిచ్చి, మిగిలిన ముక్కలు తిరిగివ్వమని, 5 లక్షల పరిహారం చెల్లించమని ఆదేశించింది. అది గ్రంథాలయం కాదు గానీ, గ్రంథాలయం గోడ మీద బొమ్మ వేయించే ప్రతి సంస్థకూ వర్తించే తీర్పు. గోడ సంస్థదైనా, బొమ్మ పరువు వేసినవారిది. కాబట్టి ఒప్పందంలో రాసుకోవాల్సినవి: ఎన్నేళ్లు ఉంచుతారు, తీసేముందు ఎన్ని రోజుల నోటీసు, మరమ్మతు ఎవరు చేస్తారు.

చదవడానికి కావాల్సిన వెలుతురు, బొమ్మకు గిట్టని వెలుతురు

ప్రదర్శనకు గోడ ఇవ్వడం చవకైన సాయం, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. చదువుకునే బల్ల మీద 500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఉండాలంటారు. నీటిరంగుల బొమ్మలకు, కాగితం మీది పనికి మ్యూజియంలు 50 లక్స్ దాటనివ్వవు, తైలవర్ణ చిత్రాలకు 200 దాకా ఇస్తాయి. వెలుతురు చేసే నష్టం పోగవుతూ పోతుంది. 500 లక్స్‌లో ఒక నెల ఉంచడమంటే 50 లక్స్‌లో పది నెలలు ఉంచడంతో సమానం. పడమటి కిటికీ ఎండ నేరుగా పడితే ఈ అంకెలన్నీ గాలికిపోతాయి. నీటిరంగులైతే రెండు వారాల్లో దించేయడం, లేదా మూల బొమ్మ ఇంట్లో ఉంచి మంచి ప్రింటు పెట్టడం మేలు.

బొమ్మ పోతే, చిరిగితే బాధ్యత తమది కాదని రాసిన ఫారం మీద సంతకం తీసుకోవడం చాలా దేశాల్లో గ్రంథాలయాలకు అలవాటే. అమ్మకానికి ధర చీటీ పెట్టనివ్వాలా వద్దా అన్నది ఇంకో తగవు. ప్రజల సొమ్ముతో నడిచే చోట వ్యాపారమేమిటని ఒక పక్షం. అమ్ముకోనివ్వకుండా, అద్దె కూడా ఇవ్వకుండా గోడ నింపుకోవడమేమిటని మరో పక్షం. మధ్యేమార్గంగా ధర రాయకుండా కళాకారుడి ఫోన్ నంబరు పెట్టనిస్తారు.

ఇంకాస్త ముందుకెళ్లినవారూ ఉన్నారు. జర్మనీలో ఆర్టోథెక్ అనే విభాగాలు ఫ్రేము కట్టిన చిత్రాలను పుస్తకాల్లాగే ఇంటికిస్తాయి, బెర్లిన్‌లోని పెద్ద గ్రంథాలయంలోనూ ఒకటుంది. అక్కడి చట్టంలో గ్రంథాలయ ప్రతిఫలం మూల చిత్రాలకు కూడా వర్తిస్తుంది. అమెరికాలోని అయొవా సిటీ గ్రంథాలయం స్థానిక సంగీతకారులకు ఆల్బమ్‌కు 100 డాలర్లిచ్చి, రెండేళ్లపాటు సభ్యులు డౌన్‌లోడ్ చేసుకునేలా అనుమతి తీసుకుంది.

కళాకారుడే పాఠకుడైనప్పుడు

చెక్కు రూపంలో లేని సాయమూ ఉంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో 1915 నుంచి చిత్రాల భాండారం ఒకటి నడుస్తోంది. పుస్తకాల్లోంచి, పత్రికల్లోంచి కత్తిరించిన పది లక్షలకు పైగా చిత్రాలు, విషయాల వారీగా ఫోల్డర్లలో. ఆండీ వార్హోల్ వంటి పేరున్న చిత్రకారులు అక్కడ వెతుక్కున్నారు. 2021లో దాన్ని అరల వెనక్కి పంపి, అడిగితేనే తెచ్చిస్తామన్నప్పుడు కళాకారులు గోల చేశారు, సంస్థ వెనక్కి తగ్గింది. ఆ గోల న్యాయమైనదే. ఏం కావాలో ముందే తెలిస్తే అడగొచ్చు. కళాకారుడు తిరగేస్తూ వెళ్తాడు, తనకు కావాల్సింది కంటపడ్డాకే అది కావాలని తెలుస్తుంది. అదే నగరంలో హార్లెమ్ శాఖలో పుస్తకాలు తిరగేసి చిత్రకారుడు జేకబ్ లారెన్స్ తన చరిత్ర చిత్రాల వరుసలకు సరుకు సమకూర్చుకున్నాడు.

మనకూ అలాంటి నిధి ఉంది. వేటపాలెం సారస్వత నికేతనంలో, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో పాత తెలుగు పత్రికలున్నాయి. ముఖచిత్రాలు, కార్టూన్లు, కథల బొమ్మలు, ప్రకటనల అక్షరాల తీరు అన్నీ వాటిలోనే. కాగితం పెళుసెక్కుతోంది కాబట్టి స్కాన్ చేయాల్సిందే. గ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని భద్రత కోసం డిజిటల్‌గా దాచుకోవడానికి 2012 సవరణ తర్వాత కాపీరైటు చట్టం ఒప్పుకుంటుంది కూడా. అయితే స్కానింగు ఎలా చేస్తారన్నది చూడాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), కానీ బూడిద ఛాయలు కూడా లేని తెలుపు-నలుపులో. అక్షరం చదవడానికి అది బాగానే ఉంటుంది. బొమ్మ మాత్రం సిరామరకగా మారిపోతుంది, నీటిరంగు ముఖచిత్రం నల్లటి అచ్చుగా మిగులుతుంది. ఫైలు సైజు పెరిగినా సరే, ముఖచిత్రాలూ బొమ్మలున్న పేజీలూ రంగుల్లో, మిగతావి గ్రేస్కేల్‌లో, అంటే బూడిద ఛాయల్లో, స్కాన్ చేయాలని టెండరు కాగితంలోనే రాయాలి. బొమ్మ కింద సంతకం కనిపిస్తే ఆ పేరు జాబితాలోకి ఎక్కించమని కూడా.